డ్రైవర్ షాఫ్ట్ ఎంత పొడవుండాలి? అమెచ్యూర్ గోల్ఫర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో నయా ఖిలా పక్కన ఆడేవాళ్లయినా, వైజాగ్ ఈస్ట్ పాయింట్‌లో ఆడేవాళ్లయినా, శనివారం పొద్దున్నే టీ టైమ్ (ఆట మొదలుపెట్టే స్లాట్) పట్టుకుని డాలస్‌లో ఆడే మనవాళ్లయినా, డ్రైవర్ గురించి, అంటే మొదటి షాట్‌ను దూరం కొట్టే పొడుగాటి క్లబ్ గురించి, అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. లాఫ్ట్ (బంతికి తగిలే ముఖం వాలు) గురించి, బ్రాండ్ గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటాం కానీ షాఫ్ట్ (హెడ్‌కు, చేతికి మధ్య ఉండే కడ్డీ) పొడవు దగ్గరికి వచ్చేసరికి షాపువాడు ఇచ్చిందే వాడేస్తాం. బంతి ఫేస్ మీద, అంటే హెడ్ ముందు భాగం మీద, ఎక్కడ తగులుతుందో తేల్చే వాటిలో పొడవుది పెద్ద పాత్ర. అందుకే వీటన్నిటినీ ఒకచోట పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## కొనే ముందు

షాపులో దొరికే డ్రైవర్ ఎంత పొడవుంటుంది? అది నాకు సరిపోతుందా?

ఇప్పుడు మగవాళ్ల డ్రైవర్లు ఎక్కువగా 45.5 అంగుళాలు, 45.75 అంగుళాల్లో వస్తున్నాయి. ఆడవాళ్లవి సుమారు 44 నుంచి 44.5. చెక్క హెడ్, స్టీల్ షాఫ్ట్ ఉన్న రోజుల్లో డ్రైవర్ 43 అంగుళాలకు అటూఇటూగా ఉండేది. గ్రాఫైట్ షాఫ్ట్ వచ్చి బరువు తగ్గింది, టైటానియం వచ్చి హెడ్ పెద్దదైంది. దాంతో కంపెనీలు పొడవు పెంచుకుంటూ పోయాయి. పొడుగు డ్రైవర్‌తో పది కొడితే అందులో ఒకటి చాలా దూరం పోతుంది, షాపులో మనకు గుర్తుండేది ఆ ఒక్కటే.

వారానికి ఒకసారి ఆడే సగటు గోల్ఫర్‌కు 45.75 ఎక్కువే అని నా అభిప్రాయం. చాలామందికి 44.5 నుంచి 45 మధ్యలో ఎక్కడో ఒకచోట బంతి నిలకడగా మధ్యలో తగలడం మొదలవుతుంది.

షాఫ్ట్ పొడుగైతే బంతి ఎక్కువ దూరం వెళ్తుంది కదా, మరి తగ్గించడం ఎందుకు?

పొడవు పెరిగితే హెడ్ స్పీడ్ కొంచెం పెరిగే మాట నిజమే. ఒక అంగుళానికి గంటకు సుమారు ఒక మైలు అనుకోండి. అయితే ఆ స్పీడ్ బంతికి అందాలంటే అది ఫేస్ మధ్యలో తగలాలి. మామిడికాయలు కోసే దోటి పొడుగయ్యే కొద్దీ చివరన ఉన్న వల తొడిమ దగ్గర నిలవదు, ఇక్కడా అంతే.

లెక్క వేసి చూద్దాం. బంతి స్పీడ్‌ను హెడ్ స్పీడ్‌తో భాగిస్తే వచ్చేది స్మాష్ ఫ్యాక్టర్, డ్రైవర్‌తో అది 1.50 దాకా వస్తే చాలా బాగా తగిలినట్టు. మీ హెడ్ స్పీడ్ 90 మైళ్లు, సగటు స్మాష్ 1.42 అయితే బంతి స్పీడ్ దాదాపు 128. షాఫ్ట్ అంగుళం తగ్గించారు, హెడ్ స్పీడ్ 89కి పడింది, కానీ బంతి మధ్యకు దగ్గరగా తగిలి స్మాష్ 1.47 అయింది. ఇప్పుడు బంతి స్పీడ్ దాదాపు 131. బంతి స్పీడ్‌లో ఒక్కో మైలుకు సుమారు రెండు గజాలు లెక్కేసుకుంటే ఐదారు గజాలు పెరిగాయన్నమాట. బంతి ఫెయిర్‌వేలో (పొట్టిగా కోసిన గడ్డి దారిలో) ఉండటం వల్ల కలిసొచ్చేది ఇందులో కలపలేదు.

పొడుగు షాఫ్ట్‌తో కూడా మీకు బంతి మధ్యలోనే తగులుతుంటే తగ్గించాల్సిన పని లేదు. అలాంటివాళ్లూ ఉన్నారు, తక్కువమంది.

టూర్ ప్రోలు ఎంత పొడవు వాడతారు?

అమెరికా ప్రొఫెషనల్ సర్క్యూట్ అయిన పీజీఏ టూర్‌లో చాలామంది 44.5 నుంచి 45.5 అంగుళాల మధ్యే ఉంటారు. అంటే రోజంతా సాధన చేసేవాళ్ల చేతిలో ఉన్నది మనం షాపులో కొనేదానికన్నా తరచుగా పొట్టిదే. 2017లో రికీ ఫౌలర్ 43.5కి దిగాడు. అదే ఏడాది జిమ్మీ వాకర్ ఏకంగా 42 అంగుళాలతో ఆడాడు.

రెండో వైపు కూడా చెప్పాలి. ఫిల్ మికెల్సన్ 2021లో కియావా ఐలాండ్‌లో పీజీఏ ఛాంపియన్‌షిప్ గెలిచినప్పుడు అతని డ్రైవర్ 47.9 అంగుళాలు, అప్పటికి అతని వయసు 50. కెనడా క్రీడాకారిణి బ్రూక్ హెండర్సన్ 48 అంగుళాల డ్రైవర్‌ను కిందికి పట్టుకుని ఏళ్ల తరబడి ఆడింది. మహిళల ప్రొఫెషనల్ టూర్ ఎల్పీజీఏలో 46 అంగుళాల పరిమితి వచ్చాక 2022లో పొడవు తగ్గించుకుని, అదే ఏడాది ఎవియాన్ ఛాంపియన్‌షిప్ గెలిచింది. అందరికీ సరిపడే పొడవంటూ ఒకటి లేదు. ప్రోలను చూసి నేర్చుకోవాల్సింది వాళ్లు పరీక్షించి ఎంచుకునే తీరు.

నేను 6 అడుగుల 2 అంగుళాలు ఉంటాను. నాకు పొడుగు షాఫ్ట్ కావాలి కదా?

కావాలనేం లేదు. పొడుగ్గా ఉన్నవాళ్లకు చాలాసార్లు చేతులూ పొడుగ్గానే ఉంటాయి, కాబట్టి నేల నుంచి చేతికున్న దూరం అనుకున్నంత పెరగదు. షూ వేసుకుని నిటారుగా నిలబడి, చేతులు వదులుగా వేలాడేసి, మణికట్టు మడత నుంచి నేల దాకా ఎంత ఉందో ఇంకొకరితో కొలిపించుకోండి. ఎత్తులో నాలుగు అంగుళాల తేడా ఉన్న ఇద్దరికి ఈ కొలత ఒకటే రావచ్చు.

ఈ కొలత కూడా మొదలుపెట్టడానికే పనికొస్తుంది. ఐరన్లకు (సన్నటి లోహపు హెడ్ ఉన్న పొట్టి క్లబ్‌లకు) దాని మాట బాగా చెల్లుతుంది. డ్రైవర్‌కు మాత్రం ఎంత నిలకడగా కొట్టగలరన్నదే ముఖ్యం. 6 అడుగుల 2 అంగుళాల మనిషి 44.5తో చక్కగా ఆడటంలో వింతేమీ లేదు. ఎత్తు తక్కువున్నవాళ్ల విషయంలో ఒక జాగ్రత్త: పొడుగు షాఫ్ట్ వాళ్లను బంతికి దూరంగా నిలబెట్టి స్వింగ్‌ను చదునుగా మారుస్తుంది. హెడ్ ఆలస్యంగా వచ్చి ఫేస్ తెరుచుకుని ఉంటే స్లైస్, అంటే కుడిచేతివాళ్లకు బంతి కుడికి వంగిపోవడం, తప్పదు.

నా పాత డ్రైవర్ కోయించి మా ఆవిడకి ఇవ్వొచ్చా? మా అబ్బాయికి?

మన ఇళ్లలో బాగా జరిగే పని ఇది. నేనైతే వద్దనే చెబుతాను. మగవాళ్ల డ్రైవర్‌ను 45.5 నుంచి 43.5కి కోస్తే పొడవు సరిపోతుందేమో కానీ షాఫ్ట్ ఆమెకు కావలసినదానికన్నా గట్టిగా, బరువుగానే ఉండిపోతుంది, గ్రిప్ కూడా లావు. బంతి లేవక, కుడివైపుకు కారిపోతుంటే ఆట తనకు రాదనుకుంటుంది. లేడీస్ ఫ్లెక్స్ (మెత్తగా వంగే) షాఫ్ట్ ఉన్న సెకండ్ హ్యాండ్ డ్రైవర్ ఇంతకన్నా ఎంతో మేలు. హెడ్ స్పీడ్ బాగా ఉన్న మహిళలు మాత్రం మగవాళ్ల షాఫ్ట్‌తో హాయిగా ఆడొచ్చు.

పిల్లలకు అస్సలు వద్దు. పెద్దవాళ్ల డ్రైవర్ హెడ్ ఒక్కటే సుమారు 200 గ్రాములు. పదేళ్ల పిల్లాడు దాన్ని మోయడానికి నడుము వెనక్కి వంచుతాడు, ఆ అలవాటు తర్వాత వదలదు. జూనియర్ సెట్ కొనండి.

అమెరికా నుంచి మా బావ వస్తూ డ్రైవర్ తెస్తానన్నాడు. ఏం చెప్పి తెప్పించుకోవాలి?

బ్రాండ్, లాఫ్ట్, ఫ్లెక్స్‌తో పాటు పొడవు కూడా చెప్పండి. చాలా కంపెనీలు ఆర్డర్ ఇచ్చేటప్పుడే అర అంగుళం, అంగుళం తక్కువకు తయారుచేసి ఇస్తాయి. అలా ఆర్డర్ చేస్తే హెడ్ బరువు కూడా ఆ పొడవుకు తగ్గట్టు సర్దుతారేమో కనుక్కోమనండి. ఆర్డర్‌కు టైమ్ లేకపోతే మార్చుకోదగ్గ బరువులు, అంటే వెయిట్ స్క్రూలు ఉన్న మోడల్ తెమ్మనండి. ఇక్కడ కోయించుకున్నాక బరువు సర్దుకోవడానికి వీలుంటుంది.

విడిగా షాఫ్ట్ మాత్రమే తెప్పించుకుంటుంటే అడాప్టర్ (షాఫ్ట్‌ను హెడ్‌కు బిగించే ముక్క) మీ హెడ్ బ్రాండ్‌దే అయి ఉండాలి, ఒక కంపెనీ అడాప్టర్ ఇంకో కంపెనీ హెడ్‌కు పట్టదు. అమ్మేవాళ్లు చెప్పే పొడవు షాఫ్ట్‌దా, హెడ్ బిగించాక వచ్చేదా అన్నది కూడా అడగమనండి. ఈ రెండూ ఒకటి కావు.

## కొలత, రూల్స్

ఇంట్లో డ్రైవర్ పొడవు సరిగ్గా ఎలా కొలవాలి?

డ్రైవర్‌ను కొట్టేటప్పుడు ఎలా పెడతామో అలా నేల మీద పెట్టండి. హీల్ (షాఫ్ట్ కలిసే వైపు హెడ్ అంచు) వెనకాల నేలకు ఆనించి టేప్ మొదలుపెట్టి, షాఫ్ట్ వెంబడే పైకి తెచ్చి, గ్రిప్ టోపీ అంచు దగ్గర ఆపండి. రూల్స్‌లో చెప్పిన పద్ధతి ప్రకారం హెడ్ అడుగును 60 డిగ్రీల వాలు తలానికి ఆనించి, ఆ తలం నేలను కలిసే చోటు నుంచి గ్రిప్ పైఅంచు దాకా కొలుస్తారు. ఇంట్లో టేప్‌తో కొలిచినా దానికి చాలా దగ్గరగా వస్తుంది.

కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న అంకె, మీ టేప్ చూపించే అంకె ఒకటి కాకపోతే కంగారు పడకండి. మీ డ్రైవర్లన్నిటినీ మీరే, ఒకే పద్ధతిలో కొలుచుకుని పోల్చుకోవడం ముఖ్యం.

గరిష్ఠ పొడవు 46 అంటారు, 48 అంటారు. ఏది నిజం?

రెండూ నిజమే. రూల్స్ ప్రకారం బంతిని హోల్‌లోకి దొర్లించే పట్టర్ తప్ప మిగతా ఏ క్లబ్బూ 48 అంగుళాలు దాటకూడదు. 46 అంగుళాల పరిమితి ఒక మోడల్ లోకల్ రూల్. గోల్ఫ్ రూల్స్ రాసే ఆర్ అండ్ ఏ, యూఎస్‌జీఏ సంస్థలు దాన్ని 2021 అక్టోబర్‌లో ప్రకటించాయి, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రొఫెషనల్, ఎలైట్ అమెచ్యూర్ పోటీల కోసం పెట్టిన రూల్ అది, నిర్వాహకులు కావాలనుకుంటేనే వర్తిస్తుంది. మీ క్లబ్‌లో జరిగే నెలవారీ పోటీకి ఆ టెన్షన్ అక్కర్లేదు. పెద్ద అమెచ్యూర్ టోర్నమెంట్‌కు పేరిస్తుంటే మాత్రం పోటీ షరతులు ఒకసారి చదవండి.

## కోయించే ముందు పరీక్ష

కోయకుండానే నాకు ఏ పొడవు నప్పుతుందో ఎలా తెలుస్తుంది?

ఈ పరీక్షకు డ్రైవర్, ఒక మాస్కింగ్ టేప్ చుట్ట, టాల్కమ్ పౌడర్ లేదా ఫుట్ స్ప్రే ఉంటే చాలు. రేంజ్‌కు వెళ్లి ముందు బాగా వార్మప్ అవ్వండి. గ్రిప్ పైఅంచు నుంచి అర అంగుళం దగ్గర ఒక సన్నటి టేప్ గీత, అంగుళం దగ్గర ఇంకొకటి చుట్టండి. ఫేస్ తుడిచి, దాని మీద పౌడర్ పల్చగా అద్దండి.

మొదట గ్రిప్ చివర పట్టుకుని ఐదు బంతులు కొట్టండి. ఫేస్ ఫోటో తీసుకుని, తుడిచి, మళ్లీ పౌడర్ వేయండి. ఇప్పుడు పైచేయి అర అంగుళం గీత కింద ఉండేలా పట్టుకుని ఐదు. తర్వాత అంగుళం గీత కింద ఐదు. మళ్లీ మొదటి నుంచి. వరసగా ముప్పై బంతులు ఒకే పట్టుతో కొడితే చివర్లో అలుపు వల్ల వచ్చిన తేడాను పొడవు వల్ల వచ్చిందనుకుంటాం, అందుకే మార్చి మార్చి కొట్టమంటున్నాను.

తర్వాత ఫోటోలు పక్కపక్కన పెట్టుకుని చూడండి. పూర్తి పొడవుతో గుర్తులు టో (హెడ్ బయటి చివర) నుంచి హీల్ దాకా చెల్లాచెదురుగా ఉంటాయి, ఒకటి రెండు ఫేస్ అంచునే ఉంటాయి. అర అంగుళం కిందికి పట్టినప్పుడు అవి కొంచెం ముడుచుకుంటాయి. అంగుళం దగ్గర చాలామందికి రూపాయి బిళ్లంత చోట మూడు నాలుగు గుర్తులు ఒకదాని మీద ఒకటి పడి, పౌడర్ అక్కడ పూర్తిగా చెరిగిపోయి లోహం మెరుస్తూ కనిపిస్తుంది. గుర్తులు ఎక్కడ గుంపుగా పడ్డాయో అదే మీ పొడవు. అన్నిటికన్నా దూరం పోయిన బంతిని లెక్కలోకి తీసుకోకండి, అన్నిటికన్నా చెడ్డ బంతి ఎంత చెడ్డదో చూడండి.

ఒక్క రోజు చూసి నిర్ణయించుకోవద్దు. ఇంకో రోజు ఇంకోసారి చేసి, అదే ఫలితం వస్తే నమ్మండి.

గుర్తులన్నీ టో వైపే పడుతున్నాయి. షాఫ్ట్ పొట్టిదైందా?

గుర్తులు ఒకే చోట గుంపుగా పడి, ఆ గుంపు టో వైపు ఉంటే ముందు బంతికి కొంచెం దగ్గరగా నిలబడి చూడండి. హీల్ వైపు ఉంటే కొంచెం దూరంగా. ఇది చాలాసార్లు నిలబడే తీరులో, స్వింగ్ దారిలో ఉన్న సమస్య. షాఫ్ట్ కోస్తే పోదు. గుర్తులు ఒకసారి టోలో, ఒకసారి హీల్‌లో పడుతుంటే మాత్రం పొడవును అనుమానించాలి. టోలో తగిలితే బంతి ఎడమకు, హీల్‌లో తగిలితే కుడికి తిరగడం డ్రైవర్ ఫేస్ స్వభావం. ఇది కుడిచేతి వాటం వాళ్ల లెక్క. రెండు వైపులా పోయే బంతులకు మూలం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది.

3-వుడ్ చక్కగా కొడతాను, డ్రైవర్ మాత్రం స్లైస్. పొడవు వల్లేనా?

సగం దాని వల్ల కావచ్చు. 3-వుడ్ (డ్రైవర్ తర్వాత పొడుగు క్లబ్) సుమారు 43 అంగుళాలు, మీ డ్రైవర్ 45.5 అనుకుంటే రెండున్నర అంగుళాల తేడా. కానీ 3-వుడ్ లాఫ్ట్ కూడా ఎక్కువ, సుమారు 15 డిగ్రీలు. లాఫ్ట్ పెరిగితే బంతి పక్కకు తిరగడం తగ్గుతుంది. డ్రైవర్‌ను రెండు అంగుళాలు కిందికి పట్టుకుని కొట్టి చూడండి. స్లైస్ అప్పటికీ అంతే ఉంటే కోయించడం దండగ, కోచ్ దగ్గర ఒక పాఠం తీసుకోండి.

ఎప్పుడూ కిందికి పట్టుకునే ఆడితే పోలా? కోయించడం ఎందుకు?

నిజంగా సరిపోతుంది. పైసా ఖర్చు లేదు, రూల్స్‌కు అడ్డం కాదు, నచ్చకపోతే మళ్లీ పైకి పట్టుకోవచ్చు. ఇబ్బందులు రెండే. గ్రిప్ కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి కింది చేయి ఎక్కువ పని చేయాలని చూస్తుంది. దీనికి కింద ఇంకో రెండు చుట్లు టేప్ వేయించి గ్రిప్ ఎక్కించుకోవచ్చు. రెండోది అలవాటు. ఫ్రెండ్స్ చూస్తున్న మొదటి టీ మీద చేయి దానంతటదే పైకి జారిపోతుంది. చేతికి తెలిసేలా గ్రిప్ మీద టేప్ గీత అలాగే ఉంచేసుకోండి.

కొన్ని నెలలు ఇలా ఆడి, ఒక్కసారి కూడా పైకి పట్టుకోవాలనిపించకపోతే అప్పుడు కోయించండి.

## కోయించేటప్పుడు

ఒకేసారి ఎంత కోయించాలి? ఏ వైపు?

అర అంగుళం. పరీక్షలో అంగుళం నప్పినా సరే, ముందు అర అంగుళమే కోయించి కొన్ని రౌండ్లు ఆడండి. ఇంకో అర అంగుళం ఎప్పుడైనా తీయొచ్చు.

కోయాల్సింది గ్రిప్ వైపు. హెడ్ వైపు, అంటే టిప్ దగ్గర కోస్తే షాఫ్ట్ గట్టిపడుతుంది, బంతి ఎత్తు మారుతుంది. "ఎటు కోస్తే ఏముంది సార్" అనే మనిషి చేతికి డ్రైవర్ ఇవ్వకండి.

స్వింగ్ వెయిట్ తగ్గిపోతుందని అంటున్నారు. అదేంటి?

క్లబ్ పట్టుకుని ఊపినప్పుడు హెడ్ ఎంత బరువుగా తెలుస్తుందో చెప్పే కొలత అది. గ్రిప్ చివర నుంచి 14 అంగుళాల దగ్గర ఆనించి తూచి, సి8, డి2 లాంటి పేర్లతో చెబుతారు. షాపు డ్రైవర్లు ఎక్కువగా డి2, డి3 దగ్గర ఉంటాయి.

షాఫ్ట్ అర అంగుళం తగ్గితే సుమారు మూడు పాయింట్లు, అంగుళం తగ్గితే ఆరు పాయింట్లు పడిపోతాయి. డి3 డ్రైవర్‌ను అంగుళం కోస్తే సి7 అవుతుంది. హెడ్ ఎక్కడుందో చేతికి తెలియనట్టు ఉంటుంది. కొంతమంది టెంపో పోయి, చేతులతో తొందరపడి కొట్టేస్తారు. కోయించుకుని నచ్చలేదనేవాళ్లలో ఎక్కువమందికి అసలు ఇబ్బంది ఇదే, పొడవును తప్పుపడతారు.

సర్దుకోవడం సులువు. హెడ్‌కు రెండు గ్రాములు కలిపితే సుమారు ఒక పాయింట్ తిరిగి వస్తుంది. అర అంగుళానికి ఆరు గ్రాములు, అంగుళానికి పన్నెండు గ్రాములన్నమాట. వెయిట్ స్క్రూ ఉంటే బరువైనది కొనండి, లేకపోతే హెడ్ అడుగున లెడ్ టేప్ (సీసం పట్టీ) అంటించండి. మొత్తం తిరిగి తేవాలని పట్టు పట్టక్కర్లేదు. సగం కలిపి ఆడి చూసి, చాలకపోతే ఇంకొంచెం కలపండి. తేలిక హెడ్‌తోనే హాయిగా ఆడేవాళ్లూ ఉన్నారు.

టేప్ ఎక్కడ అంటించాలన్నదీ ఆలోచించాల్సిందే. హీల్ దగ్గర అంటిస్తే ఫేస్ మూసుకోవడానికి కొంచెం సాయం, స్లైస్ ఉన్నవాళ్లకు మంచిది. వెనక మధ్యలో అంటిస్తే దిశ మీద ప్రభావం పెద్దగా ఉండదు.

కోస్తే షాఫ్ట్ స్టిఫ్ అయిపోతుందా?

గ్రిప్ వైపు అర అంగుళం, అంగుళం కోస్తే వచ్చే తేడా చిన్నది. ఎక్కువ గట్టిగా అనిపించడానికి కారణం హెడ్ తేలికవడం. హెడ్‌కు బరువు కలిపాక ఆ ఫీలింగ్ చాలావరకు పోతుంది.

ఇంట్లో నేనే కోసుకోవచ్చా?

చేతిపని అలవాటున్నవాళ్లు కోసుకోవచ్చు. పాత గ్రిప్ తీసేసి, గీత పెట్టిన చోట మాస్కింగ్ టేప్ రెండు మూడు చుట్లు గట్టిగా చుట్టాలి, లేకపోతే గ్రాఫైట్ పీచులు లేస్తుంది. సన్న పళ్ల హాక్సా బ్లేడుతో షాఫ్ట్‌ను తిప్పుకుంటూ నెమ్మదిగా కోయాలి. స్టీల్ పైపులు కోసే కట్టర్ వాడితే గ్రాఫైట్ నలిగి పగులుతుంది. ఆ పొడి పీల్చకూడదు, మాస్క్ వేసుకుని ఆరుబయట చేయండి. తర్వాత రెండువైపులా అంటుకునే టేప్ చుట్టి, టర్పెంటైన్‌తో తడిపి, కొత్త గ్రిప్ ఎక్కించి రాత్రంతా ఆరనివ్వండి. కొత్త గ్రిప్ పాతదానికన్నా బరువైతే స్వింగ్ వెయిట్ ఇంకా తగ్గుతుంది. నాలుగైదు గ్రాములకు ఒక పాయింట్ చొప్పున చూసుకోండి.

ఎక్కువ కోసేశాను. మళ్లీ పెంచొచ్చా?

గ్రిప్ వైపు నుంచి లోపలికి దూర్చి ఎపాక్సీతో అంటించే ఎక్స్‌టెన్షన్లు దొరుకుతాయి. అంగుళం దాకా ఫరవాలేదు. అంతకు మించి కావాలంటే కొత్త షాఫ్ట్ వేయించుకోవడమే మేలు.

## మార్చాక

పొట్టి చేశాక బంతి దగ్గర నిలబడే తీరు మార్చాలా?

బంతికి కొంచెం దగ్గరగా నిలబడతారు, అది దానంతటదే సర్దుకుంటుంది. పాత దూరంలోనే నిలబడి బంతిని అందుకోవడానికి ముందుకు వంగితే గుర్తులు టో వైపు పడతాయి. మొదటి వారం దాన్ని గమనించుకోండి. ముందు కాలి మడమకు ఎదురుగా బంతి, సగం బంతి హెడ్ పైన కనిపించేలా టీ, ఈ రెండూ మార్చక్కర్లేదు.

నిజంగానే దూరం తగ్గింది. ఏం చేయాలి?

ముందు మంచి బంతిని మంచి బంతితో కాకుండా, పద్నాలుగు డ్రైవ్‌ల సగటును సగటుతో పోల్చండి. సగటు కూడా తగ్గితే హెడ్ బరువు పెంచి చూడండి. తేలికైన హెడ్ వల్ల స్మాష్ కొంచెం పడిపోయి ఉండొచ్చు. అడాప్టర్ ఉంటే లాఫ్ట్ ఒక డిగ్రీ పెంచడం కూడా ప్రయత్నించండి, స్పీడ్ తక్కువున్నవాళ్లకు అది తరచుగా క్యారీని (బంతి గాల్లో వెళ్లే దూరాన్ని) పెంచుతుంది. ఇవన్నీ చేసినా తగ్గి, ఫెయిర్‌వేలూ పెరగకపోతే పాత పొడవే మీది. ఎక్స్‌టెన్షన్ వేయించుకోండి.

రౌండ్ మధ్యలో లెడ్ టేప్ తీయడం, అడాప్టర్ తిప్పడం చేయొచ్చా?

వద్దు. రౌండ్ మొదలయ్యాక క్లబ్ పనితీరు మారేలా సర్దుబాటు చేసి, దాంతో ఒక్క షాట్ కొట్టినా డిస్‌క్వాలిఫై అవుతారు. పొరపాటున తిప్పినా, కొట్టకముందే మళ్లీ పాత చోటికి తెస్తే పెనాల్టీ లేదు. ఫేస్ మీద పౌడర్ కూడా అంతే, ప్రాక్టీస్‌కే పరిమితం. మొదటి టీకి వెళ్లేముందు తడిగుడ్డతో పూర్తిగా తుడిచేయండి, ముఖ్యంగా గీతల్లో ఉండిపోయింది.